బడి పిల్లలకు ట్యాబ్: అంగడికి పాఠ్యపుస్తకాన్ని వెంట తీసుకెళ్లండి

సంపాదకులకు,

అయ్యా,

జూన్ 12న బడులు తెరవబోతున్న ఈ రోజుల్లో పత్రికల్లో నోటు పుస్తకాలు, బూట్లు, సంచుల ప్రకటనలతో పాటు ట్యాబ్‌ల ప్రకటనలు కూడా విరివిగా కనిపిస్తున్నాయి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్న నన్ను ఈ నెలలో తల్లిదండ్రులు అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ‘టీచర్ గారూ, పిల్లవాడికి ఏ ట్యాబ్ కొనమంటారు?’ అన్నదే. మిరపకాయల లోడు అమ్మిన డబ్బుతోనో, చీటీ పాడిన డబ్బుతోనో, నెలవారీ వాయిదాల మీదనో పన్నెండు వేల నుంచి పాతిక వేల రూపాయల దాకా ఖర్చుపెట్టబోయే కుటుంబానికి ఒక కంపెనీ పేరు చెప్పి పంపించడం సరైన జవాబు కాదని నా అభిప్రాయం. ట్యాబ్‌ను ధరను బట్టో, ప్రకటనలో కనిపించే పెద్ద అంకెను బట్టో కాక, ఆ బిడ్డ దాని మీద చదవబోయే పేజీని బట్టి ఎంచుకోవాలనీ, ఆ పేజీ ఏదో, ఆ పని ఏమిటో ముందుగా కాగితం మీద రాసి ఇవ్వవలసిన బాధ్యత పాఠశాలలదేననీ మీ పత్రిక ద్వారా విన్నవించుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

విద్యార్థులకు ట్యాబ్ అన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మానవ వనరుల శాఖ మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ‘ఆకాశ్’ ట్యాబ్‌ను ఆవిష్కరించినప్పుడు దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. దాన్ని బిగించింది మన హైదరాబాద్‌లోనే కనుక తెలుగువారికి అది మరింత దగ్గరి వార్త అయింది. రెండు వేల రూపాయల పైచిలుకు ధరకు ట్యాబ్ రావడం అప్పట్లో ఊహించనిది. అయితే ఏడు అంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్ (నడుస్తున్న యాప్‌లు వాడుకునే తాత్కాలిక జ్ఞాపకం), వేలితో గట్టిగా నొక్కితే తప్ప పలకని రెసిస్టివ్ రకం టచ్, త్వరగా ఖాళీ అయ్యే బ్యాటరీ కలిసి ఆ పరికరాన్ని పాఠం చదువుకోవడానికి వీలుకానిదిగా చేశాయి. అప్పుడు జరిగిన చర్చంతా ఎంత చవకగా తయారుచేయగలమన్న దాని చుట్టూనే తిరిగింది. దాని మీద ఒక పాఠ్యపుస్తకపు పేజీ ఎలా కనిపిస్తుందన్న ప్రశ్నకు అంత చోటు దక్కలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి విద్యార్థులకూ, వారి ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. మరుసటి ఏడాది డిసెంబరులో రెండో విడత కూడా జరిగింది. ఆ కార్యక్రమంలోని రాజకీయ మంచిచెడ్డల జోలికి నేను పోవడం లేదు. తరగతి గదిలో వాటితో పనిచేసిన ఉపాధ్యాయులకు తెలిసిన రెండు విషయాలు మాత్రం ఇప్పుడు సొంత డబ్బుతో ట్యాబ్ కొనబోయే వారికి పనికొస్తాయి. పాఠాలను ముందుగానే అందులో నింపి ఇవ్వడం వల్ల ఇంటర్నెట్ లేని ఊళ్లలో కూడా పిల్లలు వీడియో పాఠాలు చూడగలిగారు. ఇది నిజంగా మెచ్చుకోదగిన అంశం. తెర 8.7 అంగుళాలే కావడం వల్ల పుస్తకం పేజీని అందులో తెరిచినప్పుడు అక్షరాలు కంటికి ఆనక, పిల్లలు ప్రతి పేరానూ రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ, పక్కకు జరుపుకుంటూ చదవవలసి వచ్చింది. కొనే ముందు ఆలోచించవలసిన అంశం ఇది.

ఈ తెర కొలత విషయాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అంగళ్లలో దీన్ని ఎవరూ విడమరచి చెప్పరు. తెరను కర్ణం కొలతతో, అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిచి అమ్ముతారు. పదో తరగతి పిల్లలకు పైథాగరస్ సిద్ధాంతం చెప్పేటప్పుడు నేను ఇదే ఉదాహరణ తీసుకుంటాను. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. 8.7 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే దాని తెర వెడల్పు పదకొండున్నర సెంటీమీటర్లకు మించదు. అంటే ఏ4 పేజీ మొత్తాన్ని అందులో ఇమిడిస్తే అక్షరం అసలు పరిమాణంలో సగం కంటే కాస్త ఎక్కువగా మాత్రమే కనిపిస్తుంది. 11 అంగుళాల ట్యాబ్‌లో వెడల్పు దాదాపు పదిహేను సెంటీమీటర్లు, అక్షరం నూటికి డెబ్బై పాళ్లు. కర్ణంలో తేడా రెండు అంగుళాల చిల్లరే అయినా చదివే కంటికి అది చాలా పెద్ద తేడా.

మన ద్విభాషా పాఠ్యపుస్తకాలలో ఈ తేడా ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. ఒక పేజీ తెలుగులో, దాని ఎదుటి పేజీ ఇంగ్లీషులో అచ్చయ్యే ఈ పుస్తకాల ప్రయోజనమంతా రెండు పేజీలనూ ఒక్క చూపులో పోల్చుకోవడంలోనే ఉంది. ఇంగ్లీషు వాక్యం అర్థం కాని బిడ్డ తల తిప్పి తెలుగు పేజీ చూసుకోవాలి. ట్యాబ్‌ను అడ్డంగా పెట్టి రెండు పేజీలనూ పక్కపక్కన తెరిస్తే 11 అంగుళాల తెర మీద అవి సగం పరిమాణంలో కనిపిస్తాయి, కష్టపడితే చదవవచ్చు. చిన్న తెర మీద అవి మూడో వంతుకు కాస్త ఎక్కువ పరిమాణానికి కుంచించుకుపోతాయి కనుక పోల్చి చదవడమన్నది అసాధ్యం. పుస్తకాన్ని అంత శ్రద్ధగా తయారుచేసిన ఉద్దేశం చేతిలోని పరికరం వల్ల దెబ్బతినడం సమంజసం కాదు.

తెలుగు లిపి తెర నుంచి ఇంగ్లీషు కంటే ఎక్కువ స్పష్టతను కోరుతుంది. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో అక్షరం కింద అక్షరం, దాని పక్కన మరో గుర్తు చేరి, అచ్చులో కూడా సన్నగా ఉండే వత్తులు తక్కువ రకం తెర మీద ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దకు, ధకు మధ్య తేడా ఒక చిన్న గీత. ఆ గీత కనిపించకపోతే పెద్దవాళ్లం సందర్భాన్ని బట్టి ఊహించుకుంటాం. కొత్త పదాన్ని మొదటిసారి చదువుతున్న ఆరో తరగతి బిడ్డ తప్పుగానే నేర్చుకుంటుంది. గణితంలో ఘాతాంకాలు, రసాయన శాస్త్రంలో మూలకం పక్కన కిందికి రాసే అంకెలు కూడా ఇలాంటివే. అందువల్ల అంగుళాలు అడిగాక రిజల్యూషన్, అంటే తెర మీద బొమ్మను ఏర్పరిచే చుక్కలు ఎన్నో తప్పక అడగాలి. పది అంగుళాల తెర మీద 1280కి 800 చుక్కలు ఉన్న ట్యాబ్ కంటే, 1920కి 1200 చుక్కలు ఉన్నది చదువుకు ఎంతో మేలు. కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లు, పెట్టె రంగు ఏమిటి అన్న వాటిని వదులుకొని అయినా సరే ఈ ఒక్కదానికి డబ్బు పెట్టమని తల్లిదండ్రులకు నేను చెబుతుంటాను.

అంగడికి వెళ్లేటప్పుడు పిల్లవాణ్నీ, వాడి భౌతికశాస్త్రం పుస్తకాన్నీ వెంట తీసుకెళ్లాలి. పాఠ్యపుస్తకాల్లో పాఠం మొదట్లోనే నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్ ఉంటుంది. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షాకు అది దారి. ప్రదర్శనకు పెట్టిన ట్యాబ్‌లో దీక్షా యాప్ వేయించి, దాని వెనుక కెమెరాతో ఆ కోడ్‌ను చదివించి చూడాలి. చాలా చవక ట్యాబ్‌లలో కెమెరాకు ఫోకస్ మార్చుకునే వీలు ఉండదు కనుక దగ్గర పెట్టిన కోడ్ మసకగా కనిపించి, యాప్ దాన్ని పట్టుకోలేదు. ఆ పరీక్ష నెగ్గిన ట్యాబ్‌లో ఒక పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిపించి, పటాలున్న పేజీ ఒకటి, పట్టిక ఉన్న పేజీ ఒకటి పిల్లవాడి చేతికిచ్చి పైకి చదివించాలి. నరాల పటంలోనో, విద్యుత్ వలయంలోనో రాసిన చిన్న పేర్లను పెద్దది చేయకుండా చదవగలిగితే ఆ తెర పనికొచ్చేదే. ఈ పనంతటికీ పావుగంట పడుతుంది. విసుక్కోకుండా చూపించే అంగడిని వెతుక్కోవడం కూడా మంచి కొనుగోలులో భాగమే. ఆన్‌లైన్‌లో ధర తక్కువకు వస్తున్నా, ముందు ఒకసారి అదే మోడల్‌ను ఎక్కడైనా చేత్తో పట్టుకొని చూసిన తరువాతే ఆర్డరు పెట్టడం క్షేమం.

ఇక ర్యామ్ గురించి. ‘ఎనిమిది జీబీ ర్యామ్ మేడమ్’ అని అంగడిలో చెప్పే ట్యాబ్‌లలో చాలావాటి పెట్టె మీద ‘4 జీబీ + 4 జీబీ’ అని ఉంటుంది. ఇందులో నిజమైన ర్యామ్ నాలుగు జీబీలే. తక్కిన నాలుగు, ఫైళ్లు దాచుకునే స్థలంలోంచి అరువు తీసుకున్నవి. అవి అసలు ర్యామ్ అంత వేగంగా పనిచేయవు. కలిపి చెప్పిన అంకెను చూసి రెండు ట్యాబ్‌లను పోల్చకూడదు. పాఠశాల విద్యార్థికి నిజమైన ర్యామ్ నాలుగు జీబీలు కనీస అవసరం, ఆరు ఉంటే నాలుగేళ్ల దాకా నిశ్చింత. దాచుకునే స్థలం విషయంలో 32 జీబీల ట్యాబ్‌ను ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. అందులో దాదాపు సగం ఆండ్రాయిడ్‌కూ, కంపెనీ ముందే వేసి పంపే యాప్‌లకూ పోతుంది. 64 జీబీలు సరిపోతాయి, 128 అయితే మరీ మంచిది. ఈఎంఎంసీ రకం నిల్వ కంటే యూఎఫ్ఎస్ రకం బాగా వేగమైనది. ఒకే ధరలో రెండు దొరికితే రెండోదాన్ని ఎంచుకోవాలి. మెమరీ కార్డు వేసుకునే చోటు ఉండటం మన ఊళ్లలో పెద్ద సౌకర్యం, ఎందుకంటే వీడియో పాఠాలను ఒకచోట దించుకొని కార్డు ద్వారా తరగతి మొత్తానికి ఇవ్వవచ్చు.

చాలామంది తల్లిదండ్రులు అసలు అడగనిదీ, నా దృష్టిలో ధర తరువాత అంత ముఖ్యమైనదీ ఇంకొకటి ఉంది. ట్యాబ్‌కు భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయని కంపెనీ మాట ఇస్తుందో, ఆ ఏళ్లను మనం కొన్న రోజు నుంచి లెక్కించరు. ఆ మోడల్ మొదటిసారి విపణిలోకి వచ్చిన రోజు నుంచి లెక్కిస్తారు. నాలుగేళ్ల అప్‌డేట్లు ఉన్న మోడల్‌ను అది వచ్చిన మూడో ఏట ‘ఆఫర్’లో కొంటే, ఎనిమిదో తరగతి పిల్లవాడు పదికి వచ్చేసరికి అది పాతబడిపోతుంది. ఆ తరువాత కొన్నేళ్లకు యాప్‌లు ఒక్కొక్కటిగా ఆ ట్యాబ్‌లో పనిచేయడం మానేస్తాయి. కొనే ముందు ఆ మోడల్ ఏ ఏడాది వచ్చిందో, ప్రస్తుతం ఆండ్రాయిడ్ ఎన్నో సంచికతో నడుస్తోందో అడిగి తెలుసుకోవాలి. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉండాలని తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి కనుక దాన్ని కూడా చూడాలి. ఏడాదికి పైగా గోదాములో పడి ఉన్న ట్యాబ్‌లో బ్యాటరీ కొంత శక్తి కోల్పోయి ఉంటుంది. ఐప్యాడ్‌లకు అప్‌డేట్లు ఎక్కువ ఏళ్లు వస్తాయన్నది నిజమే. అయితే ముప్పై వేలు దాటే ధర, పగిలితే తెర మార్చడానికి అయ్యే ఖర్చు తట్టుకోగలిగిన కుటుంబాలకే అది తగినది.

పేరు తెలియని కంపెనీల ట్యాబ్‌లు ఐదారు వేలకు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. వాటిని చూసి ఆశపడేవారికి రెండు చిన్న తనిఖీలు చెబుతాను. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ అన్న చోట ఆ పరికరానికి గూగుల్ ధ్రువీకరణ ఉందో లేదో రాసి ఉంటుంది. అది లేని ట్యాబ్‌లో పిల్లలు లెక్కలు చేసుకోవడం కాదు గదా, తల్లిదండ్రుల ఈమెయిల్ తెరవడం కూడా ప్రమాదమే. మన దేశంలో అమ్మే ప్రతి ట్యాబ్‌కూ, ప్రతి చార్జరుకూ భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఆ నమోదు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే తయారీదారు వివరాలు కనిపిస్తాయి. ఈ మధ్య కొన్ని ట్యాబ్‌ల పెట్టెల్లో చార్జరు పెట్టడం లేదు. అప్పుడు ఫుట్‌పాత్ మీద నూట యాభై రూపాయలకు దొరికే చార్జరుతో సరిపెట్టుకోవద్దు. మంచం మీద దుప్పటి కింద చార్జింగ్ పెట్టి పడుకునే పిల్లలున్న ఇంట్లో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

సిమ్ కార్డు వేసే ట్యాబ్ కావాలా, వైఫై ఒక్కటే ఉన్నది చాలునా అన్న దాని మీద ఉపాధ్యాయుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. నేను వైఫై ట్యాబ్ వైపే మొగ్గుతాను. దాని ధర తక్కువ, నెలనెలా వేరే రీచార్జి ఉండదు. అన్నిటికీ మించి, అమ్మ ఫోనులోని హాట్‌స్పాట్ ఆన్ అయినప్పుడే ట్యాబ్‌కు ఇంటర్నెట్ వస్తుంది కనుక ఆ సమయం ఎంతన్నది పెద్దల చేతిలో ఉంటుంది. కూలి పనికో, ఉద్యోగానికో తల్లిదండ్రులు ఉదయమే ఫోన్లు తీసుకొని వెళ్లిపోయే ఇళ్లలో పిల్లలకు పగలు ఇంటర్నెట్ దొరకదన్న మాట వాస్తవమే. దించుకొని పెట్టుకున్న పాఠాలతో, పుస్తకాలతో ఆ పగలు గడిచేలా సాయంత్రమే ఏర్పాటు చేసుకోవచ్చు. సిమ్ ఉన్న ట్యాబ్‌నే కొంటే, అందులోనూ ఇతరులు వాడినదాన్ని కొంటే, డబ్బు ఇవ్వక ముందే దాని ఐఎంఈఐ సంఖ్యను (ప్రతి సిమ్ పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో సరిచూసి, దొంగ సొత్తు కాదని నిర్ధారించుకోవాలి.

ఇప్పుడు నా మనసుకు ఎక్కువ కష్టం కలిగించే విషయానికి వస్తాను. మా బంధువుల అమ్మాయి ఏడో తరగతి చదివే ఒక ప్రైవేటు పాఠశాలలో గత సంవత్సరం తల్లిదండ్రుల సమావేశం పెట్టి, తాము చెప్పిన చోటే ట్యాబ్ కొనాలనీ, దానితో పాటు మూడేళ్ల పాఠాల చందా కూడా కలిపి కట్టాలనీ చెప్పారు. ఆ ట్యాబ్ మోడల్ ఏదో, తెర ఎంతో, మూడేళ్ల తరువాత దాన్ని మామూలు ట్యాబ్‌లా వాడుకోనిస్తారో లేదో ఆ కాగితంలో ఎక్కడా లేదు. చందా రుసుము మాత్రం బయట దొరికే మంచి ట్యాబ్ ధర కంటే ఎక్కువగా ఉంది. ఆ తండ్రి ప్రశ్నించడానికి జంకి కట్టేశారు, ఎందుకంటే బిడ్డ అదే బడిలో చదవాలి. ఇలాంటి తల్లిదండ్రులు ప్రతి పట్టణంలో ఉన్నారు. బడులు పుస్తకాలు, దుస్తులు అమ్మే వ్యాపార కేంద్రాలుగా మారకూడదని సీబీఎస్ఈ 2017 ఏప్రిల్‌లోనే తన పరిధిలోని పాఠశాలలకు గట్టిగా చెప్పింది. పుస్తకానికి వర్తించే న్యాయం పుస్తకం కంటే వంద రెట్లు ఖరీదైన ట్యాబ్‌కు ఎందుకు వర్తించకూడదు?

చందాతో ముడిపెట్టిన ట్యాబ్‌లో ఇంకొక ప్రమాదం ఉంది. దేశంలోకెల్లా పెద్ద ఆన్‌లైన్ చదువుల సంస్థగా పేరుపొందిన బైజూస్ మాతృసంస్థ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. అంత పెద్ద సంస్థకే ఆ పరిస్థితి ఎదురైనప్పుడు, నిన్నగాక మొన్న పుట్టిన ఒక యాప్ మన బిడ్డ పదో తరగతి పూర్తిచేసే వరకూ నిలబడుతుందని ఎవరు హామీ ఇస్తారు? పరికరాన్ని ఒక బిల్లుతో, చందాను అవసరమైతే వేరే బిల్లుతో, అదీ ఒక ఏడాదికి మించకుండా తీసుకోవాలి. దీక్షాలో పాఠ్యపుస్తకాలు, వీడియోలు ఉచితంగా ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వ చదువుల టీవీ చానల్ టీ-శాట్ పాఠాలను 2020లో బడులు మూతపడినప్పుడు లక్షలమంది పిల్లలు ఇళ్లలో కూర్చొని విన్నారు. అవి తెలుగులో ఉన్నాయి కనుక ఆంధ్రప్రదేశ్ పిల్లలకూ ఉపయోగపడతాయి. వీటిని ఒక నెల రోజులు వాడి చూసి, ఏ పాఠ్యాంశంలో లోటు ఉందో తేల్చుకున్న తరువాత చందా సంగతి ఆలోచించవచ్చు. పిల్లల వ్యక్తిగత సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వారిని వెంటాడే ప్రకటనలు చూపకూడదని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. ఆ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది. బడి ఏ యాప్ వేయమన్నా, అది పిల్లల గురించి ఏమి సేకరిస్తుందో అడిగే హక్కు మనకుంది.

ఏ వయసులో కొనాలన్నది కూడా ఆలోచించాలి. ఐదో తరగతి లోపు పిల్లలకు సొంత ట్యాబ్ అక్కరలేదని నా దృఢమైన అభిప్రాయం. అప్పటి కేంద్ర మానవ వనరుల శాఖ 2020 జులైలో విడుదల చేసిన ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాలు కూడా ఆన్‌లైన్ తరగతులను ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వారికి రోజుకు ముప్పై నుంచి నలభై అయిదు నిమిషాల చొప్పున రెండు సార్లకు, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వారికి నాలుగు సార్లకు మించనివ్వవద్దన్నాయి. బడులన్నీ మూతపడి ఉన్న రోజుల్లోనే హద్దు అది అయినప్పుడు, రోజూ బడికి వెళ్లి వస్తున్న బిడ్డకు అంతకంటే తక్కువే చాలు. లెక్కలు నోటు పుస్తకంలో పెన్నుతోనే చేయాలి. ట్యాబ్‌తో పాటు అమ్మే ఖరీదైన పెన్నుల అవసరం పాఠశాల స్థాయిలో లేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒక్క ట్యాబ్ కొంటే, ఒక్కొక్కరికి వేర్వేరు యూజర్ ఖాతాలు పెట్టుకునే వీలున్న మోడల్‌ను ఎంచుకొని, ఎవరికి ఏ వేళ అన్నది గోడ మీద రాసి పెట్టాలి. లేకపోతే అది అన్నయ్య చేతిలోనే ఉండిపోయి, చెల్లెలు అంట్లు తోముకొని వచ్చేసరికి చార్జింగ్ అయిపోతోంది. నా తరగతిలో చదువులో ముందున్న ఆడపిల్లలే ఈ మాట నాతో చెప్పారు. దీన్ని చిన్న విషయంగా తీసుకోలేను.

డబ్బు చెల్లించే చోట కూడా జాగ్రత్త అవసరం. ట్యాబ్ మీద జీఎస్టీ 18 శాతం. ఇరవై వేల ట్యాబ్‌లో మూడు వేలకు పైగా పన్నే. ఆ డబ్బు మిగులుతుందన్న ఆశతో బిల్లు లేకుండా కొంటే వారంటీ మీద హక్కు నిరూపించుకోలేరు. ‘వడ్డీ లేని వాయిదాలు’ అన్నవాటిలో వడ్డీని రాయితీ రూపంలో సర్దుతారు తప్ప అది అసలు లేకుండా పోదు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము మన ఖాతాలోంచే పోతాయి. మొత్తం ఎంత కడుతున్నామో కూడి చూసుకొని, రొక్కం ధరతో పోల్చాలి. బిల్లులో మోడల్ పేరు, సీరియల్ సంఖ్య రాయించుకోవాలి. పెట్టె తెరిచేటప్పుడు ఫోనుతో వీడియో తీసి పెట్టుకోవాలి. సాధారణంగా వారంటీ ఏడాదే ఉంటుంది, చేజారి పగిలిన తెరకు అది వర్తించదు. అందుచేత మంచి కవరు, తెర మీద గాజు పొర మొదటి రోజే వేయించడం అదనపు ఖర్చు కింద లెక్కవేయకూడదు. ఆ కంపెనీ సర్వీసు కేంద్రం జిల్లా కేంద్రంలోనైనా ఉందో లేదో కనుక్కోవాలి. లోపం ఉన్న సరుకును అంగడి వారు మార్చి ఇవ్వనంటే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము కూడా కట్టనక్కరలేదు.

ఇన్ని విషయాలు ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ విడివిడిగా తెలుసుకొని కొనాలనడం న్యాయం కాదని నాకు తెలుసు. అందుకే రెండు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. ప్రతి పాఠశాల, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ట్యాబ్ అవసరమని భావిస్తే ఒక పేజీ పత్రం ఇవ్వాలి. ఏ తరగతికి, ఏ పాఠ్యాంశానికి, వారానికి ఎన్ని గంటలు ట్యాబ్ వాడతారో అందులో ఉండాలి. కనీసం ఎంత తెర, ఎంత రిజల్యూషన్, ఎంత నిజమైన ర్యామ్, ఎన్నేళ్లు మిగిలి ఉన్న అప్‌డేట్లు కావాలో అంకెల్లో ఉండాలి. ట్యాబ్ లేని బిడ్డ అదే పాఠాన్ని ఎలా చదువుకుంటుందో కూడా అందులోనే రాయాలి. ఫలానా అంగడిలో, ఫలానా కంపెనీదే కొనాలన్న మాట అందులో ఉండకూడదు. జిల్లా విద్యాశాఖాధికారులు ఆ పత్రాలను పరిశీలించి నోటీసు బోర్డులో పెట్టించాలి. ఇందుకు కొత్త నిధులు గానీ, కొత్త సిబ్బంది గానీ అవసరం లేదు. ఏప్రిల్‌లో ఆఖరి పనిదినాన పిల్లల మార్కుల జాబితాలు ఇచ్చేటప్పుడు ఆ పత్రాన్ని కూడా జతచేసి ఇస్తే, వేసవి సెలవుల్లో నాలుగు చోట్ల చూసి, బేరమాడి, తమ స్థోమతకు తగినది కొనుక్కునే వ్యవధి తల్లిదండ్రులకు దొరుకుతుంది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా